యూనివర్సిటీకి పోయిన మన పిల్లలు – బోధన, ఎరుక, మనసు క్షేమం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో కంచి ప్రాంతపు చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో నూలు ధర, జరీ ధర, కూలి, రిబేటు, పింఛను గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. ఈ ఏడు మాత్రం మాకు ఇచ్చిన సమయం వేరే సంగతికి వాడుకుంటామని అధ్యక్షుల వారిని ముందుగానే అడిగి ఒప్పించుకున్నాం. ఆ సంగతి యూనివర్సిటీలకు, పెద్ద కాలేజీలకు పోయిన మన పిల్లలు. అక్కడ పాఠం చెప్పే పద్ధతి ఎలా ఉంది, వాళ్ళ మనసు ఎలా ఉంది, దాని మీద పరిశోధన చేసినవాళ్ళు ఏం కనిపెట్టారు, అందులో మనకు పనికి వచ్చేది ఏమిటి. ఇదే మేము చెప్పదలచుకున్నది.

"ఎనిమిదో తరగతి దాటని మీకు యూనివర్సిటీ సంగతి ఎందుకయ్యా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన మాటే. మా కార్యవర్గంలో సగం మంది చదువు అంతే. మేము ఆ గడప తొక్కలేదు, కానీ మా పిల్లలు తొక్కారు. మా సంఘం సభ్యుల ఇళ్ళల్లో ఒకమ్మాయి మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతోంది. ఆ బిడ్డను సంఘం ఆఫీసులో నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్న పరిశోధనలు తెలుగులో చెప్పించుకున్నాం. అర్థం కానిచోట మళ్ళీ చెప్పమన్నాం. "ఇది ఎంతమంది మీద చూశారమ్మా? ఎక్కడ చూశారు?" అని అడిగి రాసుకున్నాం. మాకు అర్థమైన మేరకు, మా మాటల్లో మీ ముందు పెడుతున్నాం.

ముందు మన స్థితి ఒక్క మాటలో చెప్పుకుందాం. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళం ఉన్నాం. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్ళకు నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఆ ఆదాయంలో నుంచి ఒక బిడ్డను హాస్టల్లో పెట్టి చదివిస్తున్నామంటే ఆ ఇల్లంతా ఆ బిడ్డ మీద ఎంత ఆశ పెట్టుకుందో వేరే చెప్పాలా! చీటీ పాడి, నగ తాకట్టు పెట్టి, మాస్టర్ వీవర్ దగ్గర ముందుగానే డబ్బు తీసుకొని పంపుతున్నాం. ఆ సంగతి బిడ్డకూ తెలుసు. తెలుసు కాబట్టే కష్టం వచ్చినప్పుడు నోరు విప్పడు.

తమిళనాడులో 'ముదల్ పట్టదారి' అని ఒక ధ్రువపత్రం ఇస్తారు. కుటుంబంలో మొదటి పట్టభద్రుడు అని అర్థం. దాన్ని చూపిస్తే ప్రొఫెషనల్ కోర్సుల్లో ట్యూషన్ ఫీజు రాయితీ దొరుకుతుంది. చాలా మంచి పథకం. మా వాళ్ళు ఎందరో దానివల్ల చదివారు. అయితే మొదటివాడు కావడంలో ఉన్న ఒంటరితనం ఆ కాగితంతో తీరదు. ఇంట్లో అన్న చదివి ఉంటే "మొదటి సెమిస్టరు అట్లాగే ఉంటుందిరా, భయపడకు" అని చెబుతాడు. మన పిల్లలకు ఆ మాట చెప్పే అన్న లేడు.

మా వీధి పిల్లవాడి సంగతి ఒకటి చెబుతాం. పేరూ, కాలేజీ పేరూ చెప్పం. ఆ పిల్లవాడి, వాళ్ళ ఇంటివాళ్ళ అనుమతి తీసుకొనే చెబుతున్నాం. ప్లస్ టూ దాకా తమిళ మాధ్యమం. మంచి మార్కులు. ఇంజనీరింగులో సీటు వచ్చింది. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. షోలాపూరు వాళ్ళకు నడిమధ్య భాష మరాఠీ, బరంపురం వాళ్ళకు ఒడియా, బళ్ళారి వాళ్ళకు కన్నడం. ఈ కష్టం మన అందరిదీ. హాస్టల్లో తమిళ పిల్లలు వీణ్ణి తెలుగువాడు అన్నారు. ఆంధ్ర నుంచి వచ్చిన పిల్లలు వీడి తెలుగు విని నవ్వారు. మెల్లగా మెస్సుకు పోవడం మానేశాడు. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఇంటికి ఫోన్ చేస్తే ఒకటే మాట: "అంతా బాగుండాది నైనా."

పొంగలుకు ఇంటికి వచ్చినవాడు తిరిగి పోనన్నాడు. కారణం చెప్పడు. సోమరితనం అని కొందరు, దిష్టి అని అవ్వ, ప్రేమ వ్యవహారం అని వీధి. రెండు వారాలు గడిచాక, ముందు చెప్పిన ఎం.ఎస్సీ. అమ్మాయి వాడితో కూర్చొని మాట్లాడింది. అప్పుడు నోరు విప్పాడు. "అక్కా, క్లాసులో అరవై మందిమి. అందరికీ అర్థమవుతోంది. నాకొక్కడికే అర్థం కావట్లేదు. నేను అక్కడ ఉండాల్సినవాణ్ణి కాదు."

ఈ 'నాకొక్కడికే' అన్న మాట గుర్తు పెట్టుకోండి. ఇక మీదట మేము చెప్పేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. మన పిల్లలు వెనక్కి వచ్చేది తెలివి తక్కువై కాదు. కష్టం తమ ఒక్కరిదే అనుకొని, దాన్ని తమ లోపం అనుకొని వస్తున్నారు.

మొదటిది, పాఠం చెప్పే పద్ధతి. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన స్కాట్ ఫ్రీమన్ అనే అధ్యాపకుడు, ఆయన తోటివాళ్ళు 2014లో 225 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్క తీశారు. అన్నీ కాలేజీల్లో సైన్సు, ఇంజనీరింగు, లెక్కల క్లాసులే. మాస్టారు నిలబడి చెబుతూ పోవడం, పిల్లలు రాసుకుంటూ పోవడం ఒక పద్ధతి. మధ్యలో ఆపి ప్రశ్న ఇచ్చి, పిల్లల చేత చేయించి, ఒకరితో ఒకరిని మాట్లాడించడం రెండో పద్ధతి. మొదటి పద్ధతిలో 100 మందిలో సుమారు 34 మంది తప్పారు. రెండో పద్ధతిలో 22 మంది. 2020లో అదే యూనివర్సిటీ వాళ్ళు ఇంకో లెక్క తీశారు. రెండో పద్ధతిలో చెబితే, పేద ఇళ్ళ నుంచి, వెనకబడిన వర్గాల నుంచి వచ్చిన పిల్లలకూ మిగతావాళ్ళకూ పరీక్ష మార్కుల్లో ఉన్న తేడా మూడో వంతు తగ్గిందట.

ఇది మనకు కొత్త సంగతి కాదు. నేత ఎవరికైనా చెప్పి నేర్పామా? పిల్లవాడి చేతికి ముందు కండె ఇస్తాం, తర్వాత తెగిన పోగు అతకమంటాం, ఆ తర్వాత నాడె. తప్పు చేస్తే అక్కడే విప్పించి మళ్ళీ చేయిస్తాం. ఒక రోజు చెప్పేసి మూడు నెలల తర్వాత పరీక్ష పెడితే ఎవడికీ నేత రాదు. కాబట్టి పాఠం అర్థం కాలేదని బిడ్డ అంటే తప్పు బిడ్డదే అనుకోనక్కరలేదు. చెప్పిన పద్ధతిది కూడా కావచ్చు. అధ్యాపకులను తిట్టమని మేము అనడం లేదు. ఒక్కొక్కరి ముందు వంద మంది కూర్చుంటే వాళ్ళ కష్టం వాళ్ళది. "సార్, అర్థం కాలేదు" అనడం అవమానం కాదు అని మాత్రం మన పిల్లలకు చెప్పి పంపాలి.

దీనికి తోడు ఇంకొక సంగతి. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్నే మళ్ళీ మళ్ళీ చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారు. రాసినవాళ్ళకు 100కి 61 పాళ్ళు గుర్తుంది, చదివినవాళ్ళకు 40 పాళ్ళే. రాత్రంతా పుస్తకం ముందు పెట్టుకొని నిద్ర చెడగొట్టుకునే పిల్లలకు ఈ మాట చెప్పండి. మూసి రాయి, తర్వాత పడుకో. దీనికి ట్యూషను ఫీజు అక్కరలేదు.

రెండోది, 'నాకొక్కడికే' అన్న భావన. దీని మీద జరిగిన పరిశోధన విని మా కార్యవర్గం అంతా ఆశ్చర్యపోయింది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు 2011లో ప్రచురించారు. కాలేజీలో చేరి ఒక సెమిస్టరు అయిన పిల్లలను పిలిచి, సీనియర్లు చెప్పిన మాటలు చదవనిచ్చారు. "మొదట్లో మాకు కూడా ఇది మన చోటు కాదు అనిపించింది, కొన్నాళ్ళకు సర్దుకుంది" అన్నది వాటి సారాంశం. తర్వాత అదే విషయం మీద వాళ్ళ చేత ఒక వ్యాసం రాయించి, వచ్చే ఏడు చేరేవాళ్ళ కోసం మాట్లాడించారు. మొత్తం ఒక గంట పని. మూడేళ్ళ తర్వాత చూస్తే నల్లజాతి విద్యార్థులకూ తెల్లవాళ్ళకూ మార్కుల్లో ఉన్న తేడా సగానికి సగం తగ్గింది. ఆ పిల్లల ఆరోగ్యం కూడా మెరుగ్గా ఉంది.

2014లో నికోల్ స్టీఫెన్స్ అనే అధ్యాపకురాలు, ఆమె తోటివాళ్ళు చేసింది మనకు ఇంకా దగ్గరిది. వాళ్ళు తీసుకున్నవాళ్ళలో కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్లలు ఉన్నారు. మన ముదల్ పట్టదారులే అనుకోండి. కొత్తగా చేరినవాళ్ళ ముందు సీనియర్లను కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడించారు. ఒక గుంపుకు సలహాలు మాత్రం చెప్పారు. ఇంకో గుంపుకు తమ ఇంటి పరిస్థితి కూడా కలిపి చెప్పారు. "మా అమ్మానాన్న కాలేజీ చదవలేదు, ఏ కోర్సు తీసుకోవాలో చెప్పేవాళ్ళు లేరు, అందుకని మాస్టారి దగ్గరికే పోయి అడిగాను" అనే తరహా మాటలు. సలహా రెండు గుంపులకూ ఒకటే. కానీ ఇంటి సంగతి విన్న గుంపులో, ఏడాది చివరికి మొదటి తరం పిల్లలకూ మిగతావాళ్ళకూ మార్కుల్లో ఉన్న తేడా 63 శాతం తగ్గింది. ఆ పిల్లలు మాస్టార్ల దగ్గరికి పోయి సాయం అడగడం ఎక్కువైంది.

అయితే ఒక్క గంట మాటతో అన్నీ తీరిపోతాయని అనుకోకండి. 2023లో 22 కాలేజీల్లో దాదాపు 27 వేల మంది మీద పెద్ద ఎత్తున చూశారు. పని చేసింది, కానీ ఎక్కడ? ఆ పిల్లలను కలుపుకొనే వీలు కాలేజీలో ఉన్నచోట. స్నేహితులు దొరకని, పెద్దలు పట్టించుకోని కాలేజీల్లో మాటలు మాటలుగానే మిగిలాయి. అంటే మనం ధైర్యం చెప్పాలి, కాలేజీ చోటు ఇవ్వాలి. రెండూ కావాలి.

కంచి చీరలో కొర్వై నేత చూసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. ఒంటికి ఒక రంగు, అంచులకు వేరే రంగు. మూడు నాడెలు, మగ్గం దగ్గర ఇద్దరు మనుషులు. పక్కన కూర్చున్నవాడు తన వైపు నాడె వెయ్యకపోతే, నేసేవాడు ఎంత పనివాడైనా అంచు కలవదు. కాలేజీలో ఉన్న బిడ్డకు కూడా పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి.

మూడోది, ఎరుక. ఇప్పుడు యూనివర్సిటీల్లో ధ్యానం, మైండ్‌ఫుల్‌నెస్ అని ఎక్కువగా చెబుతున్నారు. మన మాటలో ఎరుకే. ఊపిరి మీద ధ్యాస పెట్టి, మనసులో వచ్చే ఆలోచనను వచ్చినట్టు గమనించి, దాని వెంట పరుగెత్తకుండా ఉండటం. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన బౌద్ధుల సాధన నుంచి తీసుకొని, ఎనిమిది వారాల శిక్షణగా ఆసుపత్రి రోగుల కోసం మొదలుపెట్టారు. తర్వాత విద్యార్థుల దాకా వచ్చింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీలో 616 మంది విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. చీటీలు వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఎనిమిది వారాల ఎరుక శిక్షణ, రెండో భాగానికి యూనివర్సిటీలో మామూలుగా దొరికే సాయం మాత్రం. పరీక్షల రోజుల్లో శిక్షణ తీసుకున్నవాళ్ళలో మనసు కలత తక్కువగా కనిపించింది.

ఇది విని మా వాళ్ళలో ఒకాయన "అయితే అన్ని బళ్ళలో పెట్టేస్తే సరి" అన్నాడు. అప్పుడు ఆ అమ్మాయి రెండో సంగతి చెప్పింది. బ్రిటన్‌లో 85 బళ్ళలో, ఎనిమిది వేల మందికి పైగా చిన్న పిల్లల మీద అదే తరహా శిక్షణ పెట్టి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. మామూలు పాఠాలతో పోలిస్తే లాభం ఏమీ కనిపించలేదు. ఇంటి దగ్గర సాధన చేసిన పిల్లలే తక్కువ. కేంబ్రిడ్జిలో ఉన్నవాళ్ళు పెద్ద పిల్లలు, తమకు కావాలని వచ్చి పేరు ఇచ్చినవాళ్ళు. కావాలని వచ్చినవాడికి పనికొచ్చింది, అందరి మీద రుద్దితే పనికిరాలేదు అని మేము అర్థం చేసుకున్నాం.

మగ్గం మీద కూర్చున్న మనిషికి ఎరుక అంటే వేరే వివరించనక్కరలేదు. పడుగులో ఒక పోగు తెగితే చప్పుడు రాదు. కన్ను చూడకముందే చెయ్యి కనిపెడుతుంది. అప్పుడు మగ్గం ఆపుతాం, పోగు అతుకుతాం, మళ్ళీ నేస్తాం. ఆపకుండా నేసుకుంటూ పోతే గజం గుడ్డ పాడవుతుంది. మనసులో పోగు తెగినప్పుడు కూడా ఆగి చూసుకోవడం పిల్లలకు నేర్పగలిగితే అది మంచి విద్యే. కానీ ఒక మాట. బిడ్డ తిండి మానేసి, నిద్ర పోకుండా, బతుకు మీద విసుగు చూపిస్తుంటే "ధ్యానం చెయ్యి, గుడికి పో" అని సరిపెట్టకూడదు. గుడికి పోవచ్చు, ధ్యానం చేయవచ్చు, డాక్టరు దగ్గరికి కూడా పోవాలి.

ఇప్పుడు కష్టమైన సంగతి. మన దేశంలో నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. రోజుకు 35 మందికి పైనే. వాళ్ళు చచ్చేంత పిరికివాళ్ళు కారు, తెలివి లేనివాళ్ళూ కారు. ఎవరితోనూ చెప్పుకోలేక, సాయం అందక పోయినవాళ్ళు. సాయం అందితే నిలబడేవాళ్ళు చాలామంది.

2025 జూలైలో సుప్రీం కోర్టు దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో ఇచ్చిన తీర్పు అది. బళ్ళకు, కాలేజీలకు, యూనివర్సిటీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్ళకు అన్నింటికీ వర్తిస్తుంది. 100 మంది, అంతకు మించి పిల్లలు ఉన్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు బ్యాచులుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సాయం చేసే ఫోన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో కనిపించేలా రాసిపెట్టాలి. కులం, వర్గం పేరుతో వేధిస్తే రహస్యంగా ఫిర్యాదు చేసుకునే వీలుండాలి. ఇవి మన బిడ్డకు ఎవరో దయతలచి ఇచ్చేవి కావు. అడిగి పుచ్చుకోవలసినవి.

మన ఇళ్ళల్లో కౌన్సెలింగ్ అంటే సీటు ఇచ్చే కౌన్సెలింగే. అందుకని "మా వాడికి సీటు వచ్చేసింది కదా, ఇంకా కౌన్సెలింగ్ ఏమిటి?" అని మాతోనే అడిగినవాళ్ళున్నారు. ఇది వేరు. మనసులో భారం విని, దారి చూపించే మనిషి కౌన్సెలర్. ఆయన దగ్గరికి పోతే పిచ్చి అని కాదు. జ్వరానికి డాక్టరు దగ్గరికి పోయినట్టే.

ఒక నంబరు రాసుకోండి. 14416. దీని పేరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలు రాత్రి పనిచేస్తుంది, డబ్బు అక్కరలేదు. బెంగుళూరు నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ అన్నింటిలో మాట్లాడవచ్చు. మన అయిదు చోట్ల వాళ్ళకూ పనికి వస్తుంది. పిల్లలే కాదు, పిల్లల కోసం తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.

పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం ఇప్పించడం ప్రభుత్వం బాధ్యత. కాబట్టి భయంతో దాచవద్దు.

మా వీధి పిల్లవాడి సంగతి ఏమైందని మీరు అనుకుంటుంటారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి చూపించారు. కొన్ని నెలలు మందులు వాడాడు, వారం వారం మాట్లాడి వచ్చాడు. ఒక ఏడు పోయింది. వాళ్ళ నాన్న కాలేజీకి పోయి మాట్లాడి వచ్చాడు. మళ్ళీ అదే కాలేజీలో చేరాడు. ఇప్పటికీ రెండు పేపర్లు మిగిలున్నాయి. మెస్సుకు పోయి భోజనం చేస్తున్నాడు. ఫోన్ చేస్తే "ఈ వారం ఒక పాఠం అర్థం కాలేదు నైనా, అడగాలి" అంటున్నాడట. ఆ మాట విని వాళ్ళ అమ్మ సంతోషపడింది. మేమూ సంతోషపడ్డాం.

ఆ తర్వాత మా సంఘంలో ఒక పని మొదలుపెట్టాం. కాలేజీలు తెరిచే ముందు ఒక ఆదివారం, కొత్తగా చేరబోయే పిల్లలను, ఇప్పటికే చదువుతున్న మన పిల్లలను ఒకచోట కూర్చోబెట్టాం. పెద్దలం బయట అరుగు మీద కూర్చున్నాం. ప్రసంగాలు లేవు, శాలువాలు లేవు. సీనియర్లు తమ ఇంటి సంగతి కలిపి చెప్పారు. ఒకమ్మాయి మొదటి నెలంతా ఏడ్చానని చెప్పింది. ఒకడు మూడు పేపర్లు తప్పి, మళ్ళీ రాసి, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నానని చెప్పాడు. ఇంకొకడు ఇంగ్లీషు మాట ఒక్కొక్కటి తమిళంలో పక్కన రాసుకొని ఎలా చదివాడో ఆ నోట్సు తెచ్చి చూపించాడు. కొత్త పిల్లలు ఒక్కొక్కరికి ఒక అన్న, ఒక అక్క ఫోన్ నంబరు ఇచ్చాం. ఖర్చు టీ, వడలకు అయింది. అంతే.

ఈ సభ ముందు మేము పెట్టే కోరికలు అయిదు.

1. ప్రతి సంఘం ఏడాదికి ఒకసారి ఇలాంటి కూటమి పెట్టాలి. సీనియర్లు లేని చిన్న ఊళ్ళకు పక్క ఊరి పిల్లలను సమాఖ్య పంపాలి. ఫోన్లో వీడియో ద్వారా అయినా సరే.

2. ఫోన్లో బిడ్డతో మొదటి మాట మార్కులు కాకూడదు. "తిన్నావా? ఎవరితో కలిసి తిన్నావు? నిద్ర పట్టిందా? ఈ వారం ఏది కష్టంగా ఉంది?" ఈ నాలుగూ అడగండి. ఎవరితో కలిసి తిన్నాడు అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఒకసారి పోయి చూసి రండి.

3. బిడ్డ మాట తీరు మారినా, గదిలో నుంచి రాకపోయినా, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాట అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయం వద్దు. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. వాణ్ణి ఒంటరిగా వదలకండి. 14416కు చేయండి, ఆసుపత్రికి తీసుకుపోండి.

4. కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత అని అడిగినట్టే, కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో, ఏ వేళలో ఉంటారని అడగండి. ఒక్కరు అడిగితే జవాబు రాకపోవచ్చు. సమాఖ్య ఉత్తరం రాస్తే వస్తుంది.

5. అప్పు లెక్క బిడ్డ దగ్గర దాచనక్కరలేదు, కానీ దాన్ని తలమీద పెట్టవద్దు. "నీ కోసం ఇంత చేశాం" అనే బదులు "ఒక ఏడు పోయినా పరవాలేదు, నువ్వు ఉంటే చాలు" అని ముందుగానే, కష్టం రాకముందే చెప్పి పంపండి. కష్టం వచ్చాక ఆ మాట చెవికి ఎక్కదు.

ఆడపిల్లల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాం. కొడుకు ఒక ఏడు తప్పితే మళ్ళీ పంపుతున్నాం. కూతురు అలసి ఇంటికి వస్తే "చదివింది చాలు" అని సంబంధాలు చూడటం మొదలవుతోంది. అది తెలిసే చాలామంది ఆడబిడ్డలు ఎంత బాధ ఉన్నా ఇంట్లో చెప్పరు. చెబితే చదువు ఆగిపోతుందని వాళ్ళ భయం. చెప్పినా చదువు ఆగదు అని తల్లిదండ్రులు మాట ఇస్తేనే ఆ బిడ్డ నోరు విప్పుతుంది. ఈ మాట ఇక్కడున్న తండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాం.

మన పిల్లల్లో చాలామందికి ఈ సంచిక తెలుగులో చదవడం రాదు. వాళ్ళది తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ లిపి. కాబట్టి దీన్ని మీరే చదివి వినిపించండి. వినిపించడంలోనే మాట మొదలవుతుంది.